నమూనా గట్టిమేళం

శుభవార్తలు రెండూ ఒకేసారి వచ్చాయి. ఒకటి ఫోన్‌లోంచి సువర్చల చెవిలోకి, రెండోది మైకులోంచి వీధి మొత్తానికి.

"సువర్చలా, ముహూర్తం కుదిరింది!" కాబోయే పెళ్లికొడుకు కేదార్ గొంతు ఎగిరి గంతేస్తోంది. "వచ్చే నెల పన్నెండు. పొద్దున పదీ..."

"గుండ్లవరం పట్టణ ప్రజలకు శుభవార్త! శుభవార్త!"

"పదీ ఎంతండీ?"

"మన గుండ్లవరం రాష్ట్రంలోనే మొట్టమొదటి ప్రశాంత పట్టణముగా ఎంపికైనదని తెలియజేయుటకు మిక్కిలి సంతసించుచున్నాము!"

వ్యానుకు నాలుగు వైపులా నాలుగు మైకులున్నాయి. శాంతి విషయంలో ఏ దిక్కు వాళ్లకూ అన్యాయం జరగకూడదు కదా. వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి. సువర్చల పెరట్లోకి పరిగెత్తి, స్నానాల గదిలో దూరి, తలుపేసుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాక గానీ ఆ నిమిషాలు చెవిన పడలేదు. పదీ నలభై రెండు. ఆ చీకట్లో, ఆ సబ్బు వాసనలో తన పెళ్లి ఘడియ తనకు తెలిసింది. ఇంతకంటే మంచి చోట కూర్చుని ఏ పెళ్లికూతురూ ముహూర్తం విని ఉండదని ఆమెకు అప్పుడే నమ్మకం కుదిరిపోయింది.

బయటికొచ్చేసరికి వ్యాను వాళ్ల గుమ్మం ముందే ఆగి ఉంది.

"నేటి నుండి పట్టణ పరిధిలో అనుమతి లేని శబ్దము శిక్షార్హము. ప్రజారోగ్యము దృష్ట్యా ఈ ప్రకటనను వీధికి మూడు పర్యాయములు వినిపించెదము."

అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాయనమ్మ పున్నమ్మ ఆ వ్యానును ఎగాదిగా చూసింది. "ఎవురి సినిమానే అమ్మాయ్?" అంది.

పున్నమ్మకు వినపడదు. అది పుట్టుచెవుడు కాదు, ఉద్యోగంలో వచ్చింది. వీధి చివర నూలు మిల్లులో ముప్ఫై రెండేళ్లు కండెలు మార్చింది. మొదట్లో ఇంటికొచ్చినా మిల్లు మోత ఆమె చెవుల్లో ఉండేది. తర్వాత తర్వాత ఆమె ఇంటికొచ్చినా చెవులు మిల్లులోనే ఉండిపోయాయి. పని మానేసిన రోజున యాజమాన్యం వారు శాలువా కప్పి, గంట గంటకూ కమ్మగా మోగే గోడగడియారం బహూకరించారు.

ఆ మిల్లు ఇప్పటికీ ఇరవై నాలుగు గంటలూ ఝుమ్మంటూనే ఉంటుంది. వీధి వాళ్లకు అది వినపడటం మానేసి చాలా ఏళ్లయింది. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం "వానొచ్చేట్టుందే" అని ఆకాశం వైపు చూస్తారు. ప్రశాంత పట్టణ సంఘానికి అధ్యక్షులుగా ఆ మిల్లు యజమానినే ఎన్నుకున్నారు. శబ్దం గురించి ఆయనకున్నంత అనుభవం ఊళ్లో ఇంకెవరికుంది?

సువర్చల నాయనమ్మ ముందు గొంతుక్కూర్చుని ఆమె అరచేతిలో వేలితో పన్నెండు అంకె వేసింది. మెడ చుట్టూ తాళి కట్టినట్టు చూపించింది.

పున్నమ్మ మొహం విచ్చుకుంది. "మేళం ఎవురిది?"

సువర్చల సన్నాయి పట్టుకున్నట్టు చేతులు పెట్టి, బుగ్గలు పూరించి, మీసం మెలేసింది. అంత మీసం ఊళ్లో సన్నాయి మీరావలి ఒక్కడిదే.

"అయితే నీ పెళ్లి నాకు వినపడద్ది," అంది పున్నమ్మ, నాలుగిళ్ల అవతలికి కూడా తెలిసేట్టు.

ఆమెకు ఈ లోకంలో ఇంకా వినపడేది గట్టిమేళం ఒక్కటే. తాళి కట్టే క్షణాన సన్నాయి, డోలు ఒక్కసారి ఉప్పెనలా లేస్తాయి చూడండి, అది ఆమెకు చెవిలో కాదు, రొమ్ములో వినపడుతుందట. అందుకే ఏ పెళ్లికి వెళ్లినా మేళగాళ్ల పక్కన చాప వేయించుకుంటుంది. సొంత మనవరాలి పెళ్లి ఆమె వినడమా, మూగబొమ్మల ఆటలా చూడటమా అన్నది ఇప్పుడు ఆ గట్టిమేళం చేతిలో ఉంది. ఆ గట్టిమేళమేమో ఆ పూట నుంచి ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది.

*

వారం తిరిగేసరికి గుండ్లవరం ప్రశాంతతకు అలవాటు పడసాగింది.

ఇంటికి రోజుకు మూడు కుక్కర్ విజిల్స్ మంజూరయ్యాయి. కందిపప్పుకే మూడూ అయిపోతే అన్నానికి ఎక్కడి నుంచి తేవాలి? పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టి, "వదినా, ఇయ్యాల మీకు విజిలేమన్నా మిగిలిందా? మా తమ్ముడొచ్చాడు," అని గుసగుసగా అడిగేది. కూరగాయల బండి సుబ్బాయమ్మకు అరిచే హక్కు పోయింది. ఆవిడ పాపం గుమ్మం ముందు బండి ఆపి, ఒక వంకాయ పైకెత్తి పట్టుకుని, ఇంట్లోంచి ఎవరో ఒకరు అటు చూసేదాకా కన్నార్పకుండా నిలబడేది. ఆ చూపులకు జడిసి సువర్చల తండ్రి శేషగిరి నాలుగు రోజులు వరసగా వంకాయలే కొన్నాడు.

కేదార్ ప్రతి సాయంత్రం స్కూటర్ మీద ఆ వీధిలోంచి వెళ్తూ రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఇప్పుడు హారన్‌కు బదులు జేబురుమాలు ఊపుతున్నాడు. నీలం రుమాలైతే "సినిమాకు పోదామా" అని, తెల్లదైతే "ఊరికే వచ్చా" అని. సువర్చలకు ఇదీ బాగానే ఉంది. తాను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి, వెలుతురు ధ్వని కన్నా ముందు చేరుతుందని ఆమెకు తెలియంది కాదు.

ప్రజారోగ్యం ఎంతగా మెరుగుపడిందో మొదటి పక్షం నివేదికలో వచ్చింది. ఆస్పత్రికి వచ్చిన ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయట. యాభై ఐదు డెసిబెల్స్ దాటిన మూలుగును రిజిస్టర్లో ఎక్కించవద్దని ఉత్తర్వు వచ్చిన సంగతి మాత్రం నివేదికలో ఏ మూలా లేదు.

ఇన్నిట్లోనూ పెళ్లి మేళానికి మాత్రం అనుమతి దొరుకుతుందన్నారు. తండ్రీ కూతుళ్లు ధ్వని నియంత్రణ కార్యాలయానికి వెళ్లారు.

గుమ్మంలోనే బోర్డు: "ఇచట మాట్లాడరాదు. వివరములకు లోపల అడుగుడు." చెప్పులు బయట వదిలి, కాళ్లకు దూది తొడుగులు వేసుకుని లోపలికెళ్లాలి. కార్యాలయం వెనక లారీ అంత జనరేటర్ గోడలు దద్దరిల్లేలా మోగుతోంది. శబ్దాన్ని కొలిచే మీటర్లు చల్లగా ఉండాలి, అవి చల్లగా ఉండటానికి ఏసీ ఉండాలి, ఏసీ ఆగకుండా జనరేటర్ ఉండాలి. ఆ మోతలో ధ్వని నియంత్రణాధికారి పరాంకుశం గారు గుసగుసగా మాట్లాడుతున్నారు. ఆయన పెదవులను చూసి, ఆయన ఏమన్నారో గుమాస్తా జోజిబాబు కాగితం మీద రాసి చూపిస్తున్నాడు.

"మాటలు యాభై ఐదు డెసిబెల్స్ మించరాదు," అని కాగితం వచ్చింది.

"సార్, మామూలుగా ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటేనే అరవై ఉంటుందండీ," అంది సువర్చల.

పరాంకుశం గారు కళ్లజోడు సవరించుకున్నారు. ఇంత సూటిగా సాంకేతిక విషయం మాట్లాడేవాళ్లు దొరికితే ఆయనకు ముచ్చట. కుర్చీ దగ్గరికి లాక్కుని స్వయంగానే చెప్పడం మొదలుపెట్టారు.

"అందుచేతనే, అమ్మా, మాట్లాడుకొనుట అనే అలవాటుపై ప్రజలు పునరాలోచన చేయవలసియున్నదని మా అభిప్రాయం. చూడండి. శబ్దములు మూడు తరగతులు. మొదటిది ప్రగతి శబ్దం. కర్మాగారములు, జనరేటర్లు, నాయకుల వాహన శ్రేణులు, బహిరంగ సభలు వగైరా. వీటికి అనుమతి అక్కరలేదు. రెండవది సంప్రదాయ శబ్దం. దీనికి అనుమతి కావలెను. మూడవది నిషిద్ధ శబ్దం."

"మూడో దాంట్లో ఏముంటయ్ సార్?" అడిగాడు శేషగిరి.

"మిగిలినవన్నియు."

దరఖాస్తు పదకొండు పేజీలుంది. పదో పేజీ దాకా అంతా సవ్యంగానే సాగింది. పెళ్లికూతురి గాజుల సంఖ్య చేతికి పన్నెండు, మట్టెల సవ్వడి నామమాత్రం, వియ్యపురాలి అలక నోటితోనా మౌనంగానా అన్న చోట "ఇంకా తెలియదు" అని రాశారు. పదకొండో పేజీలో పెన్ను ఆగింది. "గట్టిమేళం తీవ్రత, డెసిబెల్స్‌లో. నమూనా పరీక్ష ధ్రువపత్రం జత చేయవలెను."

"నమూనా అంటే ఏందండీ?"

"సదరు గట్టిమేళమును మా సమక్షంలో ఒక పర్యాయం వాయించవలెను. మేము కొలిచెదము. తీవ్రత తెలియని శబ్దానికి అనుమతి ఇచ్చుట, వయసు తెలియని పిల్లకు పెళ్లి చేయుట వంటిది."

పోలిక బాగుందని ఆయనకే అనిపించి, జోజిబాబును దాన్ని కూడా రాసుకోమన్నారు.

*

నమూనా పరీక్ష మీరావలి ఇంటి ముందు, వేప నీడలో ఏర్పాటైంది. పరాంకుశం గారు మఖమలు పెట్టెలోంచి మీటర్ తీసి స్టాండు మీద నిలబెట్టారు. మీరావలి వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా సన్నాయి తప్ప ఇంకో వృత్తి లేదు. ఆయన పక్కన డోలు కోటయ్య. ఇద్దరూ గొంతు సవరించుకున్నట్టు ఒక కీర్తన అందుకున్నారు. అధికారి గారి దూది తొడుగు కాలు తాళం వెయ్యబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది.

"కడు మనోహరం. అరవై తొమ్మిది. ఇప్పుడు గట్టిమేళం కానివ్వండి."

మీరావలి సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు. "తాళేదయ్యా?"

"తాళి ఎందుకు? ఇది నమూనా మాత్రమే కదా."

"తాళి కట్టేటప్పుడు కొట్టేదాన్ని గట్టిమేళమంటారయ్యా. తాళి లేకుండా కొడితే దాన్ని గోల అంటారు. గోలకి మీరే వద్దన్నారు గదా."

"తాళి కడుతున్నట్లు ఊహించుకొనుడు."

"సన్నాయి కూడా ఊహించుకోమంటారా?"

డోలు కోటయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. శేషగిరి బతిమాలాడు. "బావా, ఒక్కసారి. అమ్మాయి పెళ్లి ఆగుద్ది."

"నీ కూతురు నా మేనకోడలయ్యా బావా. దాని పెళ్లికి మోగియ్యకపోతే ఈ సన్నాయి ఎందుకు, పొయ్యిలో పెట్టుకోటానికా? కాకపోతే మా తాత నా చేతిలో ఇది పెట్టేటప్పుడు ఒకటే మాట చెప్పాడు. పుస్తె కళ్లబడకుండా గట్టిమేళం ఎత్తొద్దన్నాడు."

"ఎత్తినచో ఏమగును?" అన్నారు పరాంకుశం గారు ఆసక్తిగా.

"ఏమోనయ్యా. నాలుగు తరాల నుంచి ఎవురూ ఎత్తి చూళ్లా."

"చూడుడు, ఇది ప్రభుత్వ ఉత్తర్వు."

"అట్టాగే. ఆ ఉత్తరువే ఎవురి మెళ్లోనన్నా కట్టండి, మోగిత్తా."

సాయంత్రం దాకా చర్చలు నడిచాయి. చివరికి జోజిబాబుకు ఒక ఆలోచన తట్టింది. ఇంటికి పోయి తన కూతురి ఆటబొమ్మలు రెండు తెచ్చాడు. ఒకదానికి కళ్లు మూసి తెరిచే వసతి ఉంది, దాన్ని పెళ్లికూతుర్ని చేశారు. దారానికి పసుపుకొమ్ము కట్టారు. జోజిబాబు స్వహస్తాలతో మగబొమ్మ చేతుల మీదుగా ఆడబొమ్మకు తాళి కట్టాడు. ఎవరికీ చెప్పొద్దన్నట్టు బొమ్మ టక్కున కళ్లు మూసుకుంది.

"తాళి ఉన్నది," అన్నారు పరాంకుశం గారు. "ఇక అభ్యంతరం లేదు కదా."

మీరావలి ఆ బొమ్మల కేసి చాలాసేపు చూశాడు. లేచి, చూరులోంచి ఒక తాటాకు లాగి, చిటికెలో బూర చుట్టి, పెదాల మధ్య పెట్టుకుని ఒక్కసారి ఊదాడు. పీ అంది.

"బొమ్మల పెళ్లికి ఇదేనయ్యా మేళం," అని లోపలికెళ్లిపోయాడు.

మీటర్లో నలభై ఒకటి వచ్చింది. పరాంకుశం గారి ఆనందానికి మేర లేదు. గట్టిమేళం ఇంత సాత్వికంగా ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత అనుమతి పత్రం ఇంటికొచ్చింది. ఎర్ర ముద్ర, ఆకుపచ్చ సంతకం. శేషగిరి పైకి చదివాడు. అంటే గుసగుసగా చదివాడు.

"గట్టిమేళం తీవ్రత నమూనా పరీక్షలో నలభై ఒక డెసిబెల్స్‌గా ధ్రువపడినందున, వధువు సువర్చల వివాహ సందర్భమున, ముహూర్త సమయమున, ఒక తాటాకు బూరను, ఒక వ్యక్తి, ఒక పర్యాయము, రెండు సెకన్లకు మించకుండా ఊదుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. సన్నాయి, డోలు ఆ సమయమున మండపమునకు అర కిలోమీటరు దూరముగా ఉంచవలెను."

"పోనీలేమ్మా," అన్నాడు శేషగిరి, కాగితాన్ని నాలుగు మడతలు పెడుతూ. "పెళ్లి ముఖ్యం గానీ మేళం ముఖ్యమా? బూరయినా ఊదుకోమన్నారు గదా."

సువర్చల లేచింది. పెరట్లోకి వెళ్లి తాటాకుతో బూర చుట్టింది. మూడోసారికి గానీ సరిగా రాలేదు. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ వెనక చేరి, కుడి చెవికి ఆనించి, బలమంతా పెట్టి ఊదింది.

పున్నమ్మ చెవి రుద్దుకుంటూ ఇటు తిరిగింది. "ఏందే, చెవులో ఊదుతున్నావు? దుమ్ము పడిందా?"

"కాదు నాయనమ్మా," అంది సువర్చల. ఏ సైగ చెయ్యాలో తోచక, ఆమె చెవి దగ్గర లేని దుమ్మును పమిట చెంగుతో మెల్లగా తుడిచింది.

*

ఆ పూటే సువర్చల ధ్వని నియంత్రణ నిబంధనావళి తెచ్చుకుంది. నూట నలభై పేజీల పుస్తకం. ఆ పుస్తకం మొత్తం చదివిన మొదటి మనిషి ఆమేననడంలో అచ్చు వేసినవాళ్లకు కూడా అనుమానం అక్కర్లేదు, ఎందుకంటే మధ్యలో పదహారు పేజీలు తలకిందులుగా కుట్టేసి ఉన్నాయి, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ తలకిందుల పేజీల్లోనే పందొమ్మిదో నిబంధన ఉంది. పుస్తకం తిప్పి పట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. లేచి రెండు చేతులకూ గాజులు వేసుకుని, కావాలని ఒకసారి గలగలలాడించి, కేదార్‌కు ఫోన్ చేసింది.

"మీకు ధైర్యం ఉందా?"

"పెళ్లికి ఒప్పుకున్నా గదా, ఇంకా ధైర్యం అడుగుతున్నావేంటి?"

"అయితే రేపు పదింటికి ఆఫీసుకు రండి. నీలం రుమాలు తెచ్చుకోండి."

మర్నాడు పరాంకుశం గారి బల్ల మీద పుస్తకాన్ని తలకిందులుగా పెట్టి ఆమె వేలితో చూపించింది. "సార్, బొమ్మల పరీక్ష చెల్లదండీ."

ఆయన నొచ్చుకున్నారు. "ఏ కారణం చేత?"

"మీ నిబంధనే చెప్తోందండీ. 'నమూనా శబ్దము తన సహజ సందర్భములో, సంపూర్ణ తీవ్రతతో జరుగవలెను.' గట్టిమేళానికి సహజ సందర్భం అంటే నిజం మనుషులు, నిజం పుస్తె. బొమ్మల్ని పెట్టి కొలిచారని పైవాళ్లకు తెలిస్తే..."

పరాంకుశం గారు కిందికి చదివారు. "'నమూనా శబ్దమునకు ముందస్తు అనుమతి వర్తించదు. సదరు శబ్దమును తగ్గించుట, ఆపుట, అడ్డగించుట నేరము.'" ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "నిజమే. అనుమతి కావలెనన్న నమూనా ఉండవలెను. నమూనాకు కూడా అనుమతి కావలెనన్న, ఆ అనుమతికి మరల నమూనా... ఆహా, ఎంత దూరదృష్టి! ఎవరు రాసినారో!"

కింద ఆయన సంతకమే ఉంది. ఎవరూ ఆ మాట అనలేదు.

"కానీ అమ్మా, నమూనా కొరకు నిజముగా పెళ్లి చేసుకొను జంట ఎక్కడ దొరుకును?"

కేదార్ నీలం రుమాలుతో నుదురు తుడుచుకుని చెయ్యెత్తాడు. "మేమున్నామండీ. పన్నెండో తారీకు, పదీ నలభై రెండు."

"అంటే మీ పెళ్లియే నమూనా! మరి అసలు పెళ్లి?"

"అసలు పెళ్లికి అనుమతి వచ్చాక చూసుకుందాం సార్," అంది సువర్చల వినయంగా. "తొందరేం లేదు."

జోజిబాబు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పరాంకుశం గారికి మాత్రం కళ్లు చెమర్చాయి. రెండు వందల పద్నాలుగు పెళ్లి దరఖాస్తులు ఆ బల్ల మీద ఉన్నాయి, అన్నిటికీ తాటాకు బూరే అనుమతి. ప్రశాంత పట్టణ పురస్కారం ఇచ్చేముందు తనిఖీకి వచ్చే పెద్దలు ఒక్క అసలైన గట్టిమేళం కొలత కూడా లేదేమని అడిగితే ఏం చెప్పాలా అన్న బెంగ ఆయనకు ఆ క్షణమే పుట్టి, ఆ క్షణమే తీరింది. సైన్సు కోసం తమ పెళ్లినే ధారపోసే యువజంట ఈ రోజుల్లో కూడా ఉందన్నమాట.

"అయితే ఒక నియమం," అన్నారు ఆయన. "ఒక్క కొలతతో శాస్త్రం తృప్తి చెందదు. మూడు కొలతల సగటు కావలెను."

"మూడు ముళ్లున్నాయి కదండీ," అంది సువర్చల.

"ఆహా! ముడికొక కొలత! అయితే కొలతకూ కొలతకూ నడుమ అయిదు నిమిషములు వ్యవధి ఉండవలెను. మీటర్ మరల సున్నాకు రావలెను కదా."

పక్క కుర్చీలో ఉన్న శేషగిరి వెంటనే పురోహితుడికి ఫోన్ కలిపాడు. ఫోన్ పెట్టేసి గుసగుసగా చెప్పాడు: "లగ్నం పద్నాలుగు నిమిషాలుందంటండీ. రెండు అయిదులు పది. సరిపోద్దన్నారు. ముళ్ల మధ్యలో ఆయన ఇంకో రెండు శ్లోకాలు వేసుకుంటారంట."

పరాంకుశం గారు సంతకం పెట్టి పుస్తకం మూయబోయారు. సువర్చల వేలు ఇంకా ఆ పేజీలోనే ఉంది.

"ఇంకో చిన్న అనుమానం సార్. దీని కింద నాలుగో వాక్యం ఉందండీ."

ఆయన నాలుగో వాక్యం చదివారు. చదివి, కిటికీలోంచి వీధి చివర మిల్లు వైపు చూశారు. "అది ప్రగతి శబ్దమమ్మా. దానికి మినహాయింపున్నది."

"అనుమతి నుంచి మినహాయింపండీ. నమూనా నుంచి కాదు. మా పిల్లలకు ల్యాబ్‌లో రోజూ చెప్తాను, వెనక మోత ఉంటే లెక్క తప్పుతుందని. రేపు పెద్దలు ఆ లెక్క అడిగితే మీకు మాట వస్తుందేమోనని..."

పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించారు. వెనక జనరేటర్ కూడా ఆయనతో పాటే ఆలోచిస్తున్నట్టు గుర్రుమంది. చివరికి ఆయన జోజిబాబు చేతిలోంచి కాగితం తీసుకుని, ప్రశాంత పట్టణ సంఘ అధ్యక్షుల వారికి స్వదస్తూరితో లేఖ రాయడం మొదలుపెట్టారు. పురస్కారం అనే మాట అందులో అయిదుసార్లు వచ్చింది.

*

పెళ్లికి ముందు రోజు సాయంత్రం. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి కింద ఆడవాళ్లు పసుపు దంచుతున్నారు. రోకటి పోటుకు అనుమతి లేదు కాబట్టి రోట్లో ముందు పాత దుప్పటి వేశారు. ఎవరికీ నవ్వు ఆగడం లేదు, నవ్వుకూ అనుమతి లేదు కాబట్టి అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సువర్చల అరచేతులకు గోరింటాకు పెట్టించుకుని, మోచేతులతో ఫోన్ పట్టుకుని తిప్పలు పడుతోంది.

"ఒక ముడికీ ఇంకో ముడికీ మధ్య అయిదు నిమిషాలు నేనేం చెయ్యాలి?" అడుగుతున్నాడు కేదార్. "మా వాళ్లంతా నవ్వుతున్నారు. దారం పట్టుకుని నీ వెనక నిలబడాలా?"

"నన్ను చూస్తూ నిలబడండి."

"అట్టయితే మూడు కొలతలు చాలవు. పది తియ్యమను."

అప్పుడొచ్చింది వ్యాను. నాలుగు మైకులూ ఒక్కసారి గరగరమన్నాయి. ఆడవాళ్లు రోకళ్లు ఆపారు.

"గుండ్లవరం పట్టణ ప్రజలకు ముఖ్య ప్రకటన! రేపు ఉదయం పది గంటల నుండి పదకొండు గంటల వరకు, మన పట్టణ చరిత్రలో ప్రప్రథమముగా, గట్టిమేళం అధికారిక నమూనా సేకరణ జరుగును. నమూనా స్వచ్ఛత నిమిత్తము, పందొమ్మిదవ నిబంధన నాలుగవ వాక్యము ప్రకారము, ఆ గంటసేపు అర కిలోమీటరు పరిధిలో ఇతర శబ్దములేవియు ఉండరాదు. వాహన శ్రేణులు చుట్టుదారిన పోవలెను. కార్యాలయ జనరేటర్ ఆపబడును. సంఘ అధ్యక్షుల వారి పెద్ద మనసుతో నూలు మిల్లు ఆపబడును. సన్నాయి, డోలు సంపూర్ణ తీవ్రతతో మ్రోగును, వాటిని ఎవరైనను అడ్డగించినచో శిక్షార్హులు. ప్రజలు, కాకులు సహకరించ ప్రార్థన!"

వ్యాను వెళ్లిపోయింది.

"మిల్లు ఆపుతారా?" అంది పక్కింటావిడ. "ఆపితే ఎట్టుంటదో వదినా? నేను కాపురానికొచ్చినప్పటి నుంచి ఆగింది ఎరగను."

మీరావలి అప్పుడే పందిరి గుంజకు సన్నాయి సంచీ తగిలిస్తున్నాడు. "సంపూర్ణ తీవ్రతంట. విన్నావా కోటయ్యా? మనల్ని ఇంతకు ముందు ఎవురన్నా అట్టా అడిగారా?"

"తగ్గించమని అడిగినోళ్లే అంతా," అన్నాడు డోలు కోటయ్య, డోలుకు తాళ్లు బిగిస్తూ.

అందరూ మాట్లాడుకుంటుంటే పున్నమ్మ ఒక్కతే వాళ్ల పెదాల వంకా మొహాల వంకా మార్చి మార్చి చూస్తోంది. సువర్చల వెళ్లి ఆమె ముందు కూర్చుంది. గోరింటాకు చేతులతో అరచేతిలో రాయడం కుదరదు. ముంజేతులు మర తిరిగినట్టు గిరగిరా తిప్పింది. మిల్లు. చెయ్యి చదును చేసి కిందికి దించింది. ఆగుతుంది. ఎదురుగా తూర్పు వైపు చూపించింది. రేపు.

పున్నమ్మ కనుబొమలు పైకి లేచాయి. "ఎవురు పోయారే? యజమానా?"

సువర్చల తల అడ్డంగా ఊపింది. నవ్వాపుకోలేక, పున్నమ్మ వైపే వేలు చూపించింది. తర్వాత మీరావలి వైపు. తర్వాత తన మెడ వైపు. నీకు వినపడాలని.

పున్నమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఒళ్లో ఉన్న తమలపాకును తొడిమ తుంచి మళ్లీ పళ్లెంలోనే పెట్టేసింది.

"మీ తాత పోయిననాడు," అంది కాసేపటికి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "కబురు పదింటికే వచ్చింది. సాయంత్రం సైరన్ కొట్టిందాకా నన్ను మర కాడ్నుంచి కదలనియ్యలా. ఆపటం కుదరదన్నారు."

మీరావలి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, చేత్తో ఇంత ఎత్తు, ఇంత వెడల్పు అన్నట్టు చూపించి, మూడు వేళ్లు పైకెత్తాడు. రేపు మూడుసార్లు, అత్తా. ముడికొకటి.

"మూడుసార్లా!" పున్నమ్మ గొంతు మళ్లీ వీధి చివరికి వెళ్లిపోయింది. "ఏందిరా మీరావలి, నిజంగానే?"

మీరావలి అయిదు వేళ్లు చూపించి, మధ్య మధ్యలో ఆగుతామన్నట్టు చెయ్యి ఆపాడు.

"అయితే విను," అంది పున్నమ్మ కొంగు నడుంకు దోపుకుంటూ. "రేపు తెల్లారేసరికి నాకు తలంటు పోయండి. ఆ ఆకుపచ్చ పట్టుచీర తియ్యండి. డోలు పక్కన నాకు ముక్కాలి పీట వెయ్యాలి, చాప వద్దు, కింద కూకుంటే అందదు. మొదటి ముడికి కుడి చెవి పెడతా. అయిదు నిముషాలుంది గదా, నిదానంగా పీట తిప్పుకుని రెండో ముడికి ఎడం చెవి పెడతా."

సువర్చల మూడో వేలు చూపించింది.

"మూడో ముడికి చెవులెందుకే," అంది పున్నమ్మ. "ఆ డోలు అంచు మీద చెయ్యేసుకుని, నీ మొహం చూత్తా కూకుంటా."